రాయకోట దారి నేర్పిన పాఠము

ఉగాది సంచికకు రైల్వే గుమాస్తాలమైన మేము వ్రాయదగినది ఏమున్నదని మిత్రులు నవ్వవచ్చును. మాకు తెలిసినది సరుకు, దారి. వాని కథయే మనవి చేయుచున్నాము.

ఆ మధ్య ఒక ఫ్యాక్టరీ వారు మా గూడ్సు ఆఫీసుకు వచ్చి, తాము తయారు చేసిన ఇంటి గదులను గదులుగానే రైలుపై పంపవలెనన్నారు. తలుపులు, కిటికీలు, కరెంటు తీగెలు అన్నీ బిగించియే ఉన్నవి. కొలిచి చూడగా వెడల్పు 3.6 మీటర్లు! బ్రాడ్ గేజిపై మామూలు సరుకు 3.25 మీటర్లు దాటరాదు. దాటినచో ప్రత్యేకానుమతి కావలెను; బండి మెల్లగా నడవవలెను; ప్రక్క లైను బండ్లను ఆపవలసి రావచ్చును. పాపము, వారి ముఖములు వాడిపోయినవి. వారు గది కట్టిన తరువాత దారి కొలిచినారు.

దారి విలువ మన సీమకు క్రొత్త కాదు. 1791 జూలైలో కారన్‌వాలిసు సైన్యము టిప్పు సుల్తాను చేతిలోని రాయకోటను పట్టుకొన్నది. క్రింది మైదానము నుండి ధాన్యపు ఎద్దులు, ఫిరంగులు ఘాటు ఎక్కవలెనన్న ఈ దారి చేతిలో ఉండవలెను గదా.

తరువాత రైలు వచ్చినది. 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి, 1913లో అక్కడి నుండి హోసూరుకు, 2 అడుగుల 6 అంగుళాల చిన్న పట్టాలు వేసినారు. మొరప్పూరు మీదుగా పోవు మెయిన్ లైను అయిదున్నర అడుగులది. అందుచేత ప్రతి బస్తా, ప్రతి దూలము అక్కడ ఒక బండి నుండి దించి మరొక బండికి ఎక్కించవలసినదే. 1941లో, యుద్ధకాలమున, ఆ చిన్న రైలు మూతబడినది. 1960 దశకములో సేలం–బెంగుళూరు మీటరు గేజి రాయకోట మీదుగా వచ్చినది. 1990 దశకములో అదే బ్రాడ్ గేజి అయినది. ఇట్లు మన సీమ మూడు కొలతలు చూచినది.

కాబట్టి గదులు పంపువారికి మా మనవి: ఫ్యాక్టరీ గేటు నుండి పునాది వరకు దారిలో అన్నిటికన్న ఇరుకైన చోటు ఏదో ముందు కనుగొనుడు. సొరంగమా, వంతెనా, ఊరి మలుపా? దాని కొలతయే మీ గది కొలత. లారీపై ముందు దించవలసినది చివర ఎక్కించుడు.

మా మాట విని ఆ ఫ్యాక్టరీ వారు తరువాతి గదులను 3 మీటర్లకు కుదించినారు. గుమాస్తా ఉద్యోగములో ఇంతకన్న తృప్తి ఏమి కావలెను?