పరంగిపేట ఇనుప కర్మాగారము

నేటి కడలూరు జిల్లాలో వెళ్లారు నది సముద్రమును గలియుచోట పరంగిపేట యను రేవుపట్టణము గలదు. ఐరోపావారు దీనిని పోర్టోనోవో యనిరి. ఐరోపా పద్ధతిని ఇనుము కరగించుటకై మన దేశమున నేర్పడిన తొలి పెద్ద కర్మాగారములలో నొకటి 1830లో నిచ్చట వెలసెను. కొలిమియే జీవనాధారముగా గల మన కులమువారు దీని చరిత్ర నెఱుంగుట యావశ్యకము.

స్థాపకుడు జోషయా మార్షల్ హీత్. ఇతడు చెన్నపురి రాజధానిలో ఈస్టిండియా కంపెనీ యుద్యోగిగా నుండి, కొలువు విడిచి, ఆ కంపెనీవారి ఋణసాహాయ్యముతో కర్మాగారమును నడపెను. ఇనుపరాయి సేలము ప్రాంతమునుండి వచ్చెడిది. కొలిమికి అడవికట్టెల బొగ్గే యాధారము. 1833లో నిది పోర్టోనోవో స్టీల్ అండ్ ఐరన్ కంపెనీ పరమయ్యెను. మలబారు తీరమున బేపూరులోను కొలుములు లేచెను. ఇచ్చటి ఇనుము ఓడలపై నింగ్లండు చేరి షెఫీల్డులో నుక్కయ్యెను. అయినను నష్టములు తీరలేదు. 1853లో ఈస్టిండియన్ ఐరన్ కంపెనీ 4 లక్షల పౌనుల మూలధనముతో బయలుదేరి దీనిని గైకొనెను. అదియు నిలువలేదు. 1866లో పరంగిపేట కొలుములు చల్లారెను. అడవులు తఱిగి బొగ్గు దుర్లభమగుటయు, రాతిబొగ్గుతో జేసిన సీమయినుము చౌకగా దిగుటయు నిందులకు ముఖ్యకారణములు.

యజమానులు మాఱిరి, విద్య మాత్ర మంతకు బూర్వమే యీ నేల నుండెను. దక్షిణదేశపు కమ్మరులు ఇనుపముక్కలను తంగేడుకట్టె, జిల్లేడాకులతో గూడ మట్టిమూసలలో నుంచి, మూతి బిగించి, కొలిమిలో గాల్చి యుక్కు దీయుచుండిరి. ఇంగ్లండులో నూతనములని హక్కుపత్రములు పొందిన రెండు పద్ధతుల సూత్రములును ఈ మూసలో నిమిడియున్నవని హీత్ స్వయముగా వ్రాసెను. తెలంగాణమున నిజామాబాదు చెంతనున్న కోనసముద్రమునను మూసయుక్కు తయారగుచుండెను; దానిని గొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ విద్య గ్రంథముల కెక్కెను, ఆ కొలుములు చల్లారెను.

హీత్ గతియు దీనికి భిన్నము గాదు. ఉక్కులో మాంగనీసు చేర్చు పద్ధతికి 1839లో నతడు హక్కు పొందెను. పత్రమందలి మాటలలోని సందు జూచి యితరులు దానిని వాడుకొనిరి. అతడు న్యాయస్థానములలో బోరాడుచునే, ఫలమనుభవింపక, 1851లో మరణించెను.

కావున సోదరులారా, హస్తకౌశల మొక్కటియే చాలదు. వృద్ధులయొద్ద మిగిలిన పనివిద్యను వ్రాసియుంచుట, లోహశాస్త్రము చదువు బాలురకును బాలికలకును తోడ్పడుట, పదుగురము గూడి మూలధనము సమకూర్చుట అను మూడును జరుగవలెను. దాతలు మొదటిదానికే చేయూత యిచ్చినను, వచ్చు తరమువారు కృతజ్ఞులగుదురు.