పాత కుర్చీ వయస్సు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పాత ఇల్లు కూల్చునపుడు అటుకమీదనుండి చెక్క సామాను దిగును. టేకు సందుగ, పట్టెమంచము, చేయి విరిగిన ఆరాం కుర్చీ, గుండ్రని బల్ల. “తాతలనాటివి” అని ఇంటివారందురు. అదే కుర్చీ పట్టణపు దుకాణము చేరగానే “రెండువందల ఏండ్లనాటిది” అగును. ఈ రెండు మాటలలో ఏది నిజమో తేలకపోయినచో దాచదగిన వస్తువు వంటచెరకు ధరకు పోవచ్చును. నిన్నటి వస్తువు పురావస్తువుగా చెలామణి కావచ్చును.

మొదట చూడవలసినది ఆకారము. పీట, మంచము, పెట్టె మనకు పూర్వమునుండి ఉన్నవే. ఎత్తైన వీపుగల కుర్చీ, సొరుగుల బల్ల మన ఇండ్లలో వ్యాపించుట యూరపు వర్తకుల రాక తరువాతి సంగతి. పరదేశపు నమూనా, మనవాని చేయి కలియుట ఆ కాలమున వింత కాదు. జగిత్యాల కోటయే 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయమున కట్టబడినదని ప్రతీతి.

చెక్క పనిలో ఈ కలయికకు విశాఖపట్టణము పేరుపొందినది. అక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థానము 1682లో ఏర్పడినది. పక్కనే భీమునిపట్టణములో డచ్చివారు ఉండిరి. వారి కుర్చీలను, బీరువాలను చూచి అక్కడి కంసాలులు ఇరుగుడు, నల్లచేవ వంటి కట్టెలతో అటువంటివే చేసి, అంచుల వెంబడి దంతపు తీగెలను, పూవులను పొదిగిరి. దంతముపై సన్నని గీతలు చెక్కి నల్లని లక్క నింపుట వారి ప్రత్యేకత. 1756లో ఆ పట్టణమును చూచిన కార్నీల్ అను సైనికోద్యోగి ఈ పనితనమును మెచ్చుకొని వ్రాసినాడు.

ఈ పని ఒకే తీరున సాగలేదు. 18వ శతాబ్దపు మొదటి భాగమునాటి కుర్చీకాలు మోకాలివలె వంగియుండును. దంతము అంచులకే పరిమితము. పూలతీగెలు కలంకారీ బట్టమీది తీగెలను గుర్తుచేయును. శతాబ్దము చివరికి వచ్చునప్పటికి కాళ్లు నిటారుగా, క్రిందికి సన్నబడుచు కనిపించును. చందనపు పెట్టెను దంతపు రేకులతో పూర్తిగా కప్పి, వాటిపై మేడల బొమ్మలు చెక్కిరి. 19వ శతాబ్దమున పెద్ద సామాను తగ్గి చిన్న పెట్టెలు పెరిగినవి. కొమ్ము, ఏదుపంది ముళ్లు, తాబేటిచిప్ప చేరినవి.

అయితే ఆకారము సగము సాక్షి మాత్రమే. లండనులో చిప్పెండేల్ నమూనాల గ్రంథము 1754లో వెలువడినది. ఆ బొమ్మను చూచి 1760లోను కుర్చీ చేయవచ్చును, 1960లోను చేయవచ్చును. ఆవిరితో బీచి కట్టెను వంచి చేయు థోనెట్ కుర్చీ 1859 నాటిది. హైదరాబాదు ఇరానీ హోటళ్లకు అలవాటైన ఆ ఆకారము అంతకు ముందుది కాజాలదు, తరువాత ఎప్పటిదైనను కావచ్చును. ఆకారము చెప్పునది ఇంతే: “ఇంతకు ముందు కాదు.”

కనుక కుర్చీని తలక్రిందులు చేసి చూడవలెను. మెరుగుపెట్టని అడుగుభాగమున రంపపు గుర్తులు మిగులును. విల్లువంటి వంపుగీతలున్నచో అది యంత్రపు గుండ్రరంపము కోసినది. 19వ శతాబ్దమునకు ముందుది కాదు. నిటారు గీతలున్నచో పాతదని యూరపు పుస్తకములు చెప్పును. మన పల్లెలకు ఈ సూత్రము సరిపడదు. దుంగను ఎత్తున నిలిపి, పైనొకడు క్రిందనొకడు రంపము లాగు కోత ఇక్కడ 20వ శతాబ్దమున కూడ సాగినది. మరమేకు మొన వాడిగా ఉన్నచో అది 19వ శతాబ్దపు మధ్యభాగమునకు తరువాతిది. అంతకు పూర్వపు వాటి కొన మొద్దుగా ఉండును. కాని మరమేకును మార్చవచ్చును గదా! పక్కన పూడ్చిన పాత రంధ్రమున్నదేమో చూడవలెను.

అన్నిటికన్న తమాషాయైన సాక్షి గుండ్రని బల్ల. కట్టె ఆరినకొలది పోగు పొడవున దాదాపు కుదియదు, అడ్డముగా కుదియును. అందులోను చెట్టు వలయముల వెంబడి కుదింపు, కేంద్రమునుండి అంచువైపు కుదింపునకు సుమారు రెట్టింపు. అందుచేత గుండ్రముగా కోసిన బల్ల ఏండ్లు గడిచినకొలది కొంచెము కోలగా మారును. టేకులో ఈ మార్పు తక్కువ, కాని లేకపోదు. విద్యార్థులు ఇంటిలోని బల్లను టేపుతో పోగు వెంట ఒకసారి, పోగునకు అడ్డముగా ఒకసారి కొలిచి చూడవచ్చును. అడ్డుకొలత కొంచెము తగ్గినచో ఆ బల్ల కోసిన తరువాత ఆరినదని అర్థము. పచ్చికట్టెతో చేసిన కొత్త బల్లయు ఇట్లే కుదియును గనుక రంపపు గీతలతో సరిచూడవలెను. పొరలను అడ్డదిడ్డముగా అతికించిన ప్లైవుడ్ బల్లలో మాత్రము రెండు కొలతలును ఇంచుమించు ఒక్కటే వచ్చును.