వేపగింజ చెప్పు చరిత్ర

పురుగునకు విషమే మందను నమ్మకము మనకు తాతలనాటిది కాదు. గత శతాబ్ది యుత్తరార్ధమున బలపడినది. దానిని విడిచి చూపినది పండితులు కారు, పాల్వంచ చెంతనున్న పునుకుల గ్రామ కర్షకులు. విషము పురుగుతోబాటు దానిని దిను సాలీళ్లను, అక్షింతల పురుగులను జంపెను. అప్పులు మాత్రము మిగిలెను. అంతట వారు ప్రత్తిచేలపై వేపగింజల కషాయమును, మిరప వెల్లుల్లి రసమును జల్లి, 2004 నాటికి పురుగుమందులను మానిరి. మరుసటి యేడు కేంద్రప్రభుత్వము కూరగాయలపై మోనోక్రోటోఫాసును నిషేధించెను.

వేప పురుగును వెంటనే చంపదు. దాని యాకలిని, కుబుసము విడుచుటను చెరుచును. పంజాగుట్ట మేడలపై వంగ, బెండ పెంచు గృహస్థులారా! లీటరు నీట 50 గ్రాముల వేపపప్పు పొడిని రాత్రి నానవైచి, వడగట్టి, రవంత సబ్బునీరు చేర్చి, మరునాటి సాయంకాలము చల్లుడు. చేలకు చేలే పండించు పల్లె మానిన విషమును పది కుండీలకై మనము కొనుట తగునా?