కృష్ణా పశ్చిమ డెల్టాలో మెక్సికో రుచులు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఆహారచరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
నగరాల్లో మంచి మెక్సికన్ భోజనం కోసం వెతికేవారు సాధారణంగా భోజనశాలల పేరుపలకలను చూస్తారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఆ వెతుకులాట వంటింటి రోలు దగ్గర, మాగాణి పొలం గట్టు మీద మొదలు కావలసి ఉంటుంది. మెక్సికో, దాని పరిసర సీమల్లో సాగులోకి వచ్చిన మిరప, టమాటా, సపోటా, మొక్కజొన్న ఇక్కడ ఏ పేర్లతో స్థిరపడ్డాయో, పంటతో పాటు రావలసిన పరిజ్ఞానంలో ఏది రాలేదో, దాని పర్యవసానమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మిరప, మొక్కజొన్న, సున్నం, మినుము, టెక్స్-మెక్స్, కృష్ణా పశ్చిమ డెల్టా.

1. ప్రవేశిక:
1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు ప్రాంతాలూ కృష్ణా జిల్లాలో భాగం. ప్రస్తుతం తెనాలి గుంటూరు జిల్లాలోను, 2022లో జరిగిన పునర్విభజన తర్వాత రేపల్లె బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. పాలనాపరమైన హద్దులు మారినా వీటిని కలిపి ఉంచినది నీరు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తర్వాత పశ్చిమ డెల్టా కాలువలు ఈ నేలను వరి మాగాణిగా మార్చాయి. అందువల్ల ఇక్కడి ఆహారచరిత్రను చాలామంది వరి చరిత్రగానే భావిస్తారు. అన్నంలోకి కలుపుకొనే వాటి చరిత్ర అంతకన్న దూరం ప్రయాణించినది.

2. పేర్లలో నిలిచిన ప్రయాణం:
కొత్త వస్తువుకు పేరు పెట్టడంలో తెలుగువారు మూడు పద్ధతులు అనుసరించారు. మొదటిది, తెలిసిన వస్తువుతో పోల్చడం. మిరియం వంటి ఘాటు ఉన్న కాయ మిరపకాయ అయింది. జొన్నను తలపించిన ధాన్యం మొక్కజొన్న అయింది. రెండవది, పరదేశాన్ని సూచించే ‘సీమ’ శబ్దాన్ని చేర్చడం. మెక్సికోకు చెందిన ఒక చెట్టు కాయ చింతకాయను పోలి ఉండటంతో సీమచింత అయింది. మూడవది, వచ్చిన పేరునే స్వీకరించడం. సపోటా, టమాటా అనే మాటలు అజ్టెక్కుల భాష అయిన నావాట్ల్‌లోని ‘త్సపోట్ల్’, ‘తొమాట్ల్’ శబ్దాల నుంచి స్పానిష్ ద్వారా ప్రపంచభాషల్లోకి వ్యాపించినవి. తెనాలి బజారులో సపోటాలు బేరమాడే మనిషి తెలియకుండానే ఒక మెక్సికో మాటను పలుకుతున్నాడు.

సంక్రాంతి ముగ్గుల్లోను, గుమ్మాల తోరణాల్లోను కనిపించే బంతిపూల జన్మస్థానం కూడా మెక్సికోయే. అక్కడ మృతులను స్మరించే పండుగలో సమాధులను ఆ పూలతోనే అలంకరిస్తారు.

ఈ ప్రయాణానికి సముద్రమే ప్రధాన మార్గం. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించారు. 1565 నుంచి 1815 వరకు మెక్సికోలోని అకాపుల్కో రేవుకు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు మధ్య స్పానిష్ ఓడలు నడిచాయి. రేపల్లెకు సమీపంలోని నిజాంపట్నం పదిహేడవ శతాబ్ది ఆరంభంలో డచ్చి, ఆంగ్ల వర్తకులకు తెలిసిన రేవు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ నౌక మచిలీపట్నానికి ముందు ఇక్కడే ఆగింది. ఒక మొక్క రాకను ఒకే రేవుకు కట్టబెట్టడం చరిత్ర పద్ధతి కాదు. అయితే ఈ తీరం ప్రపంచ వర్తకానికి దూరంగా లేదన్నది స్పష్టం.

3. మిరపకు ముందు, మిరప తర్వాత:
మిరప రాకకు ముందు తెలుగు వంటలో ఘాటుకు ఆధారాలు మిరియం, అల్లం, పిప్పలి. ‘కారం’ అనే మాట మొదట ఒక రుచికి పేరు. నేడు అది మిరపపొడికే పేరుగా స్థిరపడింది. ఒక రుచి పేరును ఒక పరదేశపు కాయ పూర్తిగా సొంతం చేసుకోవడం చిన్న మార్పు కాదు.

ఆ పాత స్థితికి సాక్ష్యం తద్దినపు వంటలో కనిపిస్తుంది. ఆచారపరులైన కుటుంబాల్లో ఆనాటి వంటకు మిరప బదులు మిరియం వాడతారు. టమాటా వంటి కూరలను వర్జిస్తారు. నిత్యభోజనం మారినా పితృకార్యపు భోజనం పాత జాబితాను విడువలేదు. ఆహారచరిత్రకు ఆచారం కూడా ఒక దస్తావేజేనని దీనివల్ల గ్రహించవచ్చు.

మిరప సాగు ఎక్కువగా గుంటూరు మెట్టప్రాంతపు నల్లరేగడి నేలల్లో విస్తరించింది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు లభించింది. మెక్సికో మూలమున్న కాయ ఒక తెలుగు ఊరి పేరుతో చట్టబద్ధమైన గుర్తింపు పొందడం, ‘మనది’ అనే భావన కాలక్రమంలో ఎలా ఏర్పడుతుందో తెలుపుతుంది.

4. రోటిపచ్చడి, సల్సా:
మెక్సికోలో మూడు కాళ్ల రాతిరోలును మొల్కహేతే అంటారు. అందులో కాల్చిన మిరపకాయలు, టమాటాలు, ఉప్పు వేసి నూరినది సల్సా. తెనాలి ప్రాంతపు రోటిపచ్చడిలోనూ మిరప, టమాటా, ఉప్పు ఉంటాయి. చింతపండు పులుపు, ఇంగువ తాలింపు ఇక్కడివి. రోలు రెండు చోట్లా స్వతంత్రంగా పుట్టింది; అందులో పడిన కాయలు మాత్రం ఒకే చోటివి. కాబట్టి ఈ పోలికను అనుకరణగా భావించరాదు. ఒకే పదార్థానికి రెండు ప్రాచీన పరికరాలు ఇచ్చిన సమాధానాలుగా గ్రహించాలి.

5. గింజ వచ్చింది, సున్నం రాలేదు:
మొక్కజొన్న దాదాపు తొమ్మిదివేల ఏళ్ల క్రితం నైరుతి మెక్సికోలో సాగులోకి వచ్చింది. అక్కడివారు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి, రుబ్బి రొట్టెలు చేస్తారు. సున్నం వల్ల పిండికి జిగి వస్తుంది. గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. ఐరోపావారు గింజను తీసుకుపోయారు గాని ఈ పద్ధతిని తీసుకుపోలేదు. మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదల్లో పెల్లాగ్రా వ్యాధి వ్యాపించింది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ దానిని వర్ణించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ పరిశోధనతో నియాసిన్ పాత్ర స్పష్టమైంది. దక్కనులో జొన్న తినేవారిలోనూ ఈ వ్యాధి కనిపించగా, 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దానికి లూసిన్ అనే ఆమ్లంతో గల సంబంధాన్ని ప్రతిపాదించారు.

డెల్టా గ్రామాల్లో సున్నం లేక కాదు. తాంబూలం వేసుకొనే ప్రతి ఇంటా సున్నపుకాయ ఉండేది. దానిని మొక్కజొన్నతో కలపాలన్న ఎరుక మాత్రం ఇక్కడికి చేరలేదు. అందుచేత మొక్కజొన్న కాల్చుకొని తినే పొత్తుగానే మిగిలింది. వంటింటి ధాన్యం కాలేదు.

6. మినుము స్థానంలో మొక్కజొన్న:
వరి కోతకు ముందే చేలో మినుములు చల్లడం ఈ డెల్టాలో తరతరాల సేద్యపద్ధతి. నేలలో మిగిలిన తేమతోనే పంట చేతికి వచ్చేది. మినుము వేళ్లు భూమికి నత్రజనిని సమకూర్చేవి. గారెలు, సున్నుండలు ఆ పంట ఇచ్చిన సంపద. పల్లాకు తెగులు, బంగారుతీగ అనే కలుపు మినుమును దెబ్బతీయడంతో, ఇరవై ఒకటవ శతాబ్ది ఆరంభం నుంచి తెనాలి పరిసరాల రైతులు వరి కోసిన చేలో దున్నకుండా రంధ్రాలు చేసి మొక్కజొన్న విత్తడం విస్తృతంగా చేపట్టారు. అనుకూల పరిస్థితుల్లో ఎకరాకు 30 క్వింటాళ్లకు పైగా దిగుబడి వస్తుంది. అయితే దీనికి పలు తడులు, అధిక ఎరువులు అవసరం. పండిన గింజ ప్రధానంగా కోళ్ల మేతకు, పిండిపదార్థ పరిశ్రమలకు తరలిపోతుంది.

మెక్సికో సంప్రదాయ సేద్యమైన మిల్పాలో మొక్కజొన్న పక్కనే చిక్కుడు, గుమ్మడి ఉంటాయి. ధాన్యం తీసుకున్న సారాన్ని పప్పుజాతి మొక్క తిరిగి ఇస్తుంది. అంటే మొక్కజొన్న తన రెండు తోడులనూ వదిలి ఇక్కడికి వచ్చింది: వంటలో సున్నం, చేలో చిక్కుడు. పైగా చిక్కుడు చేసే పనిని ఇక్కడ చేస్తున్న మినుమునే అది పక్కకు నెట్టింది. డెల్టా రైతు నిర్ణయానికి ఆర్థిక కారణాలు బలమైనవి. దానిని తప్పుపట్టడం సులభం గాని న్యాయం కాదు. ఆ నిర్ణయం వల్ల నేల కోల్పోతున్నదేమిటో లెక్కలోకి తీసుకోవడం మాత్రం అవసరం.

7. టెక్స్-మెక్స్, తెలుగు వలస:
టెక్సాస్ 1836 వరకు మెక్సికోలో భాగం. ఆ సరిహద్దు సీమలో గోధుమరొట్టె, జున్ను, గొడ్డుమాంసం, జీలకర్ర కలిసి ఏర్పడిన వంటను టెక్స్-మెక్స్ అంటారు. 1972లో వెలువడిన డయానా కెన్నెడీ గ్రంథం దానిని మెక్సికో ప్రాంతీయ వంటల నుంచి వేరుచేసి చూపింది. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ వంట అపరిచితంగా తోచకపోవడానికి మిరప, జీలకర్రల పరిచయమే కారణం. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించింది. అదే ఏడాది టాకో బెల్ బెంగళూరులో తన తొలి భారతీయ శాఖను తెరిచింది. మంచి మెక్సికన్ భోజనశాలను గుర్తించదలచినవారు అలంకరణకన్న ఒక ప్రశ్నను ఆశ్రయించడం మేలు: అక్కడి రొట్టె సున్నంలో ఉడికిన మొక్కజొన్నదా, కాదా?

8. ముగింపు:
మిరప, టమాటా వచ్చినప్పుడు తెలుగు వంటిల్లు వాటిని తన రోటిలో వేసి తనవిగా చేసుకుంది. మొక్కజొన్న విషయంలో అది జరగలేదు. గింజ పొలానికి వచ్చింది గాని వంటింటికి పూర్తిగా రాలేదు. 1945 నుంచి వ్యవసాయ కళాశాలకు నెలవై, ఆహార సాంకేతిక విద్యకూ కేంద్రమైన బాపట్లకు ఈ లోటు పరిశోధనాంశం కాదగినది. సున్నపు పద్ధతిని, పప్పుధాన్యపు తోడును తిరిగి జతచేయగలిగితే నాలుగు శతాబ్దాలు ఆలస్యంగానైనా మొక్కజొన్నతో రావలసిన మిగిలిన సగం కూడా ఈ డెల్టాకు చేరుతుంది.