సూరత్ రేవు నుంచి వడోద్ దాకా: ఇంగ్లీషు కాలాల కథ



ఇంగ్లీషులో మాట్లాడబోయి, ‘గో’ అనాలా, ‘గోయింగ్’ అనాలా, ‘వెంట్’ అనాలా అని తడబడి, చివరికి నోరు మూసుకున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ తడబాటు తెలివితక్కువతనం కాదు. దాని వెనుక రెండు భాషల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఈ పాఠంలో దాన్నే తెలుసుకుందాం.

1. పరాయి భాష మాట్లాడిన ఇంగ్లీషువాడు

1608 ఆగస్టులో విలియం హాకిన్స్ ‘హెక్టర్’ అనే ఓడలో సూరత్ చేరాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన నావికుడు. 1609లో ఆగ్రా వెళ్లి జహంగీర్ చక్రవర్తిని కలిశాడు. ఆ దర్బారులో ఇంగ్లీషుకు విలువ లేదు. అయితే హాకిన్స్‌కు టర్కీ భాష వచ్చు, జహంగీర్‌కూ అది తెలుసు. మధ్యవర్తి లేకుండా చక్రవర్తితో మాట్లాడగలిగినందువల్ల హాకిన్స్‌కు అక్కడ ఆదరణ దొరికింది. అంటే, మన దేశంలో పరాయి భాషలో నెగ్గుకురావలసిన అవసరం మొదట ఇంగ్లీషువారికే వచ్చింది. 1611లో వారు మన మచిలీపట్నంలో అడుగుపెట్టారు. 1613లో సూరత్‌లో వర్తకస్థావరానికి అనుమతి పొందారు.

2. దుబాసీల కాలం

తరువాత పరిస్థితి తిరగబడింది. కంపెనీ బలపడేకొద్దీ ఇంగ్లీషు నేర్వవలసిన అవసరం మనవారికి వచ్చింది. రెండు భాషలు తెలిసినవాడే ‘దుబాసీ’. ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఇలా ఇంగ్లీషు నేర్చి, 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశారు. తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నారు. అది 1873లో అచ్చయింది. నేటి విద్యార్థికి ఉన్న పాఠ్యపుస్తకాలూ, నిఘంటువులూ ఆయన చదువుకునే రోజుల్లో లేవు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో!

3. కాలాలు ఎలా పుట్టాయి?

‘పన్నెండు కాలాల’ పట్టికను మీరు బట్టీ పట్టే ఉంటారు. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో క్రియకు రెండే కాలరూపాలు: ఒకటి జరిగిపోయినదానికి, రెండోది మిగిలిన అన్నిటికీ. భవిష్యత్తుకు వేరే రూపం లేదు. ‘విల్’ అంటే కోరుకోవడం, ‘షల్’ అంటే ఋణపడి ఉండడం. ఈ మాటలే క్రమంగా భవిష్యత్తును సూచించసాగాయి. హాకిన్స్ కాలంలో ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అనడానికి ‘వేర్ గో యూ?’ అన్నా సరిపోయేది. ‘గోయింగ్’ తప్పనిసరి కాలేదు. 1795లో లిండ్లీ మరే రాసిన ప్రసిద్ధ వ్యాకరణం ఆరు కాలాలనే చెప్పింది. ‘ఇల్లు కట్టబడుతోంది’ అనే అర్థంలో ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అంటే 19వ శతాబ్దపు పండితులు కొందరు తప్పుపట్టారు. నేడు అదే ఒప్పు!

4. వడోద్‌లో ఒక విద్యార్థిని

ఇప్పుడు మళ్లీ సూరత్‌కే వద్దాం. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో. సూరత్ నగరపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికి కూడా చోటుంది. నగరం దక్షిణాన, పాండేసర పరిసరాల్లోని వడోద్‌లో పెరిగే ఒక తెలుగు అమ్మాయిని ఊహించుకోండి. ఆమె ఇంట్లో ‘నేను రోజూ బడికి వెళ్తాను’ అంటుంది. ‘రేపు బడికి వెళ్తాను’ అని కూడా అంటుంది. క్రియ మారలేదు. అందుకే ఇంగ్లీషులో ‘ఐ విల్ గో డైలీ’ అని వస్తుంది. పక్కింటి గుజరాతీ స్నేహితురాలు ‘హుం జావుం ఛుం’ అంటుంది. దానికి ‘వెళ్తాను’ అని, ‘వెళ్తున్నాను’ అని రెండర్థాలూ ఉన్నాయి. అందుకే ఆమె నోట ‘ఐ యామ్ గోయింగ్ డైలీ’ అని వస్తుంది. ఇద్దరూ పొరపడ్డారు. కానీ ఎవరి పొరపాటుకు వారి తల్లిభాషలో కారణం ఉంది.

దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు ‘తద్ధర్మం’ అనే నాలుగోదాన్ని చెప్పారు. అలవాటుగా, స్వభావంగా జరిగే పనికి అది వర్తిస్తుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అన్నట్లు. ఇంగ్లీషులో ‘ఐ గో’ పేరుకు వర్తమానమైనా చేసే పని ఎక్కువగా తద్ధర్మానిదే. ఇది పట్టుబడితే ‘గో’, ‘గోయింగ్’ల చిక్కు చాలావరకు వీడిపోతుంది.

5. నోరు విప్పడం

మరి ధైర్యం ఎలా వస్తుంది? 1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు వ్యాకరణ సూత్రాలు చెప్పకుండా రైళ్ల సమయపట్టికలు, పటాలు ఇచ్చి, ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు రాబట్టేవారు. దృష్టి అర్థం మీద నిలిస్తే రూపం క్రమంగా పట్టుబడుతుందన్నది వారి నమ్మకం. దీనిపై పండితుల్లో చర్చ జరిగింది. అయినా మనం గ్రహించవలసింది ఒకటుంది: పట్టిక పూర్తయ్యేదాకా మాట కోసం ఆగనక్కరలేదు.

కాబట్టి మొదట మూడు పనులు చేయండి. నిన్న జరిగినది ‘వెంట్’తో, రోజూ చేసేది ‘గో’తో, ఇప్పుడు చేస్తున్నది ‘యామ్ గోయింగ్’తో ఐదేసి వాక్యాలు పైకి చెప్పండి. స్నేహితులెవరైనా తప్పు దిద్దితే నొచ్చుకోకండి, వాక్యం మధ్యలో ఆపేయకండి. ఇంగ్లీషువారికే తమ కాలాలు కుదుర్చుకోవడానికి వందల ఏళ్లు పట్టింది. మీకు కొన్ని నెలలు పడితే అందులో సిగ్గుపడవలసిందేముంది?

ఆలోచించండి
1. ‘రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అన్న వాక్యాన్ని మనం ‘ఐ యామ్ లివింగ్’ అని ఎందుకు మొదలుపెడతాం? ‘ఐ హావ్ బీన్ లివింగ్’ అని ఎందుకు అనాలి?
2. మీ ఇంటి భాషలో అలవాటుకు, భవిష్యత్తుకు వేరువేరు క్రియారూపాలు ఉన్నాయా?