డీమన్ స్లేయర్ తర్వాత ఏం చూడాలి?

ప్రవాసంలో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి జపాన్ అనిమే అంటే ప్రాణం. వాటిలో ముందు వరసలో ఉన్నది 'డీమన్ స్లేయర్'. కొయొహరు గొతోగె గీసిన ఈ మాంగా, అంటే బొమ్మల కథ, 2016 నుంచి 2020 వరకు సాగి 23 సంపుటాలుగా వచ్చింది. 2019లో టీవీ సీరియల్ అయింది. 2025లో వచ్చిన 'ఇన్ఫినిటీ కాజిల్' సినిమా ఇండియాలో తెలుగు డబ్బింగుతో కూడా విడుదలైంది. ఇదంతా పూర్తిచేసిన మా అమ్మాయి "ఇలాంటివే ఇంకేమున్నాయి నాన్నా?" అని అడగడంతో నేనూ వెతకడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ అదే ప్రశ్న వస్తుంటే ఈ పరిచయం పనికొస్తుందని ఆశ.

కత్తులూ రాక్షసులూ ఉన్న కథలు వందల్లో ఉన్నాయి. కానీ నా ఉద్దేశంలో ఈ కథకు బలం వేరే ఉంది. ఇది తైషో యుగం (1912–1926) నాటి కథ. రైళ్ళు, కరెంటు దీపాలు వచ్చేశాయి. కత్తి ధరించి తిరగడం 1876లోనే నిషేధమైంది. అలాంటి రోజుల్లో బొగ్గులమ్ముకునే తంజిరో, రాక్షసిగా మారిన చెల్లెల్ని మళ్ళీ మనిషిని చేయడానికి కత్తి పడతాడు. తన చేతిలో చచ్చే రాక్షసుడు కూడా ఒకప్పుడు మనిషేనని మరచిపోడు. ఆ చరిత్ర, ఆ జాలి రెండూ ఉన్నవే కింద ఇస్తున్నాను.

ఇనుయాష: రుమికో తకహాషి మాంగా (1996–2008), 56 సంపుటాలు. టోక్యో బడిపిల్ల కగోమె ఇంటి దగ్గరి పాత బావిలోంచి యుద్ధాల యుగంలోకి వెళ్ళిపడుతుంది. హాస్యం, ప్రేమ, సాహసం అన్నీ ఉన్నాయి. మొదలుపెట్టడానికి ఇదే తేలిక.

దొరొరొ: ఒసాము తెజుకా 1967లో మొదలుపెట్టిన కథ. 2019 అనిమే 24 భాగాలు. రాజ్యం బాగుండాలని ఒక తండ్రి పుట్టిన కొడుకు అవయవాలను రాక్షసులకు ధారపోస్తాడు. ఆ కొడుకు ఒక్కొక్క రాక్షసుణ్ణీ చంపి తన శరీరాన్ని తిరిగి తెచ్చుకుంటుంటే రాజ్యానికి కష్టాలొస్తాయి. తప్పెవరిది? మా ఇంట్లో దీనిమీద జరిగినంత చర్చ మరి దేనిమీదా జరగలేదు. బుద్ధుడి జీవితాన్ని మాంగాగా గీసినదీ ఈ తెజుకాయే.

ముషిషి: యుకి ఉరుషిబర కథ. మొదటి అనిమే 2005–06లో, 26 భాగాలు. ఇందులో యుద్ధాలు లేవు. కంటికి కనపడని జీవులవల్ల జబ్బుపడ్డ పల్లెజనానికి గింకో అనే దేశదిమ్మరి వైద్యం చేస్తాడు. పెద్దవాళ్ళు పడుకునేముందు చూడదగ్గది.

హెయికె కథ: 2021, 11 భాగాలు. 12వ శతాబ్దంలో హెయికె వంశం పతనమైన నిజ చరిత్ర, భవిష్యత్తు చూడగల ఒక బాలిక కళ్ళతో. దీనికి మూలమైన ప్రాచీన కావ్యం మొదట్లో వినిపించే గంట మన శ్రావస్తిలోని జేతవన విహారానిది!

మొనొనొకె: 2007, 12 భాగాలు. ఒక మందులమ్మేవాడు దెయ్యం రూపం, జరిగిన సంగతి, దాని కారణం మూడూ తెలిస్తేగాని కత్తి దూయడు. స్త్రీలకు జరిగిన అన్యాయాలే చాలా కథలకు మూలం కాబట్టి ఇది పెద్దవాళ్ళకే. 1997 నాటి మియజాకి సినిమా 'ప్రిన్సెస్ మొనొనొకె' వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. అదీ తప్పక చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. బొమ్మలు కదా అని అన్నీ చిన్నపిల్లలవి అనుకోవద్దు. 'ఇన్ఫినిటీ కాజిల్' కే అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు. 'దొరొరొ' లోనూ రక్తపాతం ఎక్కువే. మొదటి రెండు భాగాలు పక్కన కూర్చుని చూడండి. మాంగాని కుడినుంచి ఎడమకు చదవాలని పిల్లలే నేర్పుతారు. ఈ కథల్లో ఎన్మా అనే నరకాధిపతి కనిపిస్తే మాత్రం ఆయన మన యమధర్మరాజేనని మీరు చెప్పండి. అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే సాగుతాయి.