చందాదారుల పేర్లు

నా పుస్తకానికి ముందుగా డబ్బు కట్టినవాళ్ల పేర్లు రూళ్ల నోట్‌బుక్కులో ఎక్కిస్తుంటే నాకు ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ గుర్తొస్తాడు. 1756లో లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాల పరిష్కరణకు ఆయన చందాలు కోరాడు: చేరేటప్పుడు ఒక గినీ, పుస్తకాలు చేతికందాక మరొకటి. మరుసటి ఏడాది చివరికల్లా ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. 1762లో కవి చార్లెస్ చర్చిల్ ఆయన్ని పద్యంలో ఎండగట్టాడు. 1765లో ఎనిమిది సంపుటాలు వచ్చాయి, చందాదారుల జాబితా మాత్రం లేదు. పేర్లు పోయాయనీ, డబ్బు ఖర్చయిపోయిందనీ ఆయనే చెప్పుకున్నాడు. ఆ సంపుటాలకు ఆయన రాసిన పీఠిక గొప్పది, ఇప్పటికీ చదువుతాను. అయినా అచ్చుకాని పుస్తకాన్ని నమ్మి గినీ ఇచ్చినవాళ్ల పేర్లు పోగొట్టడం నేను ఒప్పుకోలేను. అంతకు యాభై ఏళ్ల ముందే, 1715లో, కవి పోప్ తన ‘ఇలియడ్’ అనువాదం తొలి సంపుటంలో చందాదారుల పేర్లు అచ్చువేశాడు.